ఆయన్ని ఏ వరసన పిలవాలి

నవంబరు 9, శనివారం

అమ్మ ఈ రోజు నాకొక సంగతి చెప్పింది. ఎవరిదో జాకెట్టు చంక కుట్టు విప్పుతూ, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని చెప్పింది.

"స్టేసన్ మాస్టారు నన్ను మనువాడతానంతన్నాడు. నాకూ ఇష్టవే. నీకేటి?"

"నాకేటి," అన్నాను.

నిజంగానే నాకేం లేదు. నాన్న పోయేటప్పటికి నేను ఇంటర్లో ఉన్నాను. పొలం కౌలుకిచ్చేసి, గజపతినగరం బజార్లో కుట్టుషాపు పెట్టి అమ్మ నన్ను చదివించింది. హైదరాబాదు వెళ్లి ఇటాలియన్ ఎమ్మే చేస్తానంటే, "అదేటి, తినీదా?" అని అడిగి మరీ పంపించింది. అలాంటి మనిషి సుఖపడాలని నాకు మాత్రం ఉండదా? నేను చదువుకున్నదాన్ని. ఇలాంటి వాటికి అడ్డుపడే రకం కాదు.

ఒక్కటే ఇబ్బంది. ఆయన్ని ఏమని పిలవాలి?

నవంబరు 11, సోమవారం

రెండ్రోజులుగా ఇదే ఆలోచన. అంకుల్ అందామంటే ఆటో అతన్ని కూడా అంకుల్ అనే అంటాను. మాస్టారూ అని ఊరంతా పిలుస్తుంది, ఇంట్లో మనిషిని అలా పిలిస్తే ఏం బాగుంటుంది? నరసింగరావు గారూ అంటే ఎవరో పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చినట్టుంటుంది. ఇక నాన్న అనే మాట ఒకటుంది. దాని గురించి ఆలోచించను. ఆ మాట ఉన్నది ఒక్క మనిషికి.

పిలుపులతోనే నా బతుకు తెల్లారుతోంది. ఇంట్లో కూర్చుని, ఇటలీ హోటళ్లలో గదులు తీసుకున్నవాళ్లకి చాట్‌లో జవాబులివ్వడం నా ఉద్యోగం. ఆ దేశంలో డిగ్రీ ఉన్న ప్రతివాడూ దొత్తోరే, అంటే డాక్టరు. రోగం గీగం ఏమీ అక్కర్లేదు. ఇవాళ ఒకాయన్ని సిన్యోర్, అంటే అయ్యా, అని సంబోధిస్తే, "నేను సిన్యోర్‌ని కాను, ఇంజనీర్‌ని" అని రాశాడు. వేడినీళ్లు రావడం లేదన్న గోల పక్కన పెట్టి ముందు ఇది సర్దాను. మన ఊళ్లో ఓడిపోయి ఇరవై ఏళ్లయినా ప్రెసిడెంటు గారూ అంటేనే పలికే ఆయన లేడూ? అచ్చం ఆ బాపతు.

కొత్తవాళ్లని వాళ్లు "లేయి" అంటారు, మన మీరు లాగ. దగ్గరివాళ్లని "తు" అంటారు. లేయి నుంచి తుకి రావాలంటే పెద్దవాళ్లు ముందు నోరు తెరిచి, "ఇక తు అనుకుందాం" అనాలి. చిన్నవాళ్లు చొరవ చెయ్యకూడదు. మా కంపెనీలో అయితే ఆ గొడవే లేదు. ఎంతటివారినైనా, ఎన్నేళ్లయినా లేయి అనే రాయాలి.

ఆ రూలేదో మా ఇంటికి కూడా ఒకటి ఉంటే బాగుండేది.

నవంబరు 12, మంగళవారం

ఆయన టీకి వచ్చాడు. కోనసీమ మనిషి. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. చొక్కాలు వదులు చేయించుకోడానికి షాపుకి వచ్చి, వచ్చి, ఇదిగో ఇంతదాకా వచ్చాడు. గుమ్మంలోనే నాకు దండం పెట్టి, "బాగున్నారా అరుణశ్రీ గారూ" అన్నాడు. ఆయన కంటే నేను ముప్ఫై ఏళ్లు చిన్న.

"టీ చాలా బాగుందండి లక్ష్మణమ్మ గారూ. మీరు కూడా కూర్చోండి."

అమ్మ నా వైపు చూసింది. ఆయన వైపు చూసింది. కూర్చోలేదు.

ఆయన వెళ్లాక స్టవ్వు తుడుస్తూ అడిగింది. "ఏటి, ఆడికి నామీద కోపమొచ్చినాదేటి? అండీ గిండీ అంతన్నాడు."

మా వైపు ఇంతే. ఇక్కడ మొగుడూ పెళ్లాల మధ్యకి మీరు వచ్చిందంటే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదన్నమాట. నాన్న అమ్మని ఒకే ఒక్కసారి "తమరు" అన్నాడు. ఆ రోజు గేదెని అమ్మేసింది, ఆయన్నడక్కుండా. రెండు పూటలూ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. మిగతా కాలమంతా ఒలే, ఏటే, ఎల్లే. అమ్మకి దాన్నే ప్రేమ అంటారు. షాపులో కూడా అంతే, తాసిల్దారు గారి భార్యని సైతం "ఒలే గుంటా, సెయ్యెత్తు" అని కొలత తీసుకుంటుంది. ఆవిడ నవ్వుకుంటూ ఎత్తుతుంది.

గోదావరి జిల్లాల్లో అలాగే మాట్లాడతారని, అది కోపం కాదని నేను చెప్పి ఉండొచ్చు. షిఫ్టుకి టైమైంది. చెప్పలేదు.

నవంబరు 16, శనివారం

మళ్లీ వచ్చాడు. తలుపు తీసి, "అమ్మా, వచ్చారు" అన్నాను. ఎవరు వచ్చారో చెప్పక్కర్లేకుండా తెలుగులో ఎంత హాయిగా మాట్లాడొచ్చో.

నవంబరు 17, ఆదివారం

నౌపడ వెళ్లొచ్చాను. జగ్గమ్మత్తకి మోకాలు నొప్పి అని విన్నాను, అందుకే వెళ్లాను. ఆవిడ నాన్నకి సొంత అక్క. ఉప్పు మడుల పక్కన ఇల్లు. మడుల్లో ఇంకా వాననీళ్లే ఉన్నాయి, ఉప్పు పని మొదలవలేదు. నాన్న పోయాక చుట్టాలంతా మెల్లగా తప్పుకున్నా, ఈవిడ మాత్రం ప్రతి పంటకీ బస్తా చింతపండో, ఎండుచేపలో పట్టుకుని దిగేది. "ఒలే లచ్చీ" అని వీధి మొదట్లోంచే కేకేసేది. అమ్మని లచ్చీ అని పిలిచే మనిషి ఇప్పుడు ఆవిడొక్కతే.

ఆ విషయం చెబుదామని వెళ్లలేదు. మాటల్లో వచ్చింది.

అత్త మోకాలికి నూనె రాసుకుంది. తర్వాత అంది:

"మారుమనువు మా ఇళ్లల్లో కొత్తేటి కాదే. మా పిన్నమ్మ సేసుకోనేదా? కానీ ఇంటోడినే సేసుకునేవోరు, మొగుడి తమ్ముడినో ఎవరినో. వరస ఎటూ పోయీది కాదు. ఇదేటి, ఎక్కడోడో! మీ అమ్మతో సెప్పు. ఇక మీదట నన్ను వదినా అని పిలవొద్దను. నా తమ్ముడు పెళ్లాం కాపోతే నాకేటవుతాదది? ఏ వరసని పిలుస్తాది?"

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన సీటు దొరికింది. గాలి బాగుంది. ఏదో బరువు దిగినట్టనిపించింది. మోకాలు నొప్పి పెద్దగా ఏం లేదు పాపం.

నవంబరు 18, సోమవారం

అత్త చెప్పమన్నది చెప్పాను. చెప్పమన్నప్పుడు చెప్పకపోతే తప్పు కదా.

అమ్మ మిషను తొక్కడం ఆపింది. "వదినా అని పిలవొద్దన్నాదా?" అంది. మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. అప్పుడు లేచి షాపు బయటికి వెళ్లి, ఫోన్లో మాట్లాడి వచ్చింది.

"వొద్దని సెప్పేసినాను మాస్టారికి. వదినని వొదులుకుని నాకీ మనువేటి."

మళ్లీ కూర్చుని మిషను తొక్కింది. నేననుకోవడం, ఇలా అవడమే అందరికీ మంచిది.

నవంబరు 19, మంగళవారం

మంచిదే.

నవంబరు 21, గురువారం

అమ్మకి ఏదో అయింది.

పొద్దున్న ఒక కాలేజీ అమ్మాయి వస్తే, "కూర్చోండమ్మా. చేతులు పొడవుగా పెట్టమంటారా, పొట్టిగానా?" అని అడిగింది. చ దగ్గర స లేదు. ఏటి లేదు. గుంటా లేదు. ఆ పిల్ల బెదిరిపోయి గుడ్డ ఇచ్చి వెళ్లిపోయింది. పక్కన ఫ్యాన్సీ షాపు ఉష నన్ను పక్కకి పిలిచి, "పిన్నికి ఒంట్లో బాగోనేదేటక్కా? ఇందాకల నన్ను ఉష గారూ అన్నాది!" అంది.

రాత్రి అన్నాల దగ్గర నన్నడిగింది. "ఇంకొంచెం చారు పొయ్యమంటారా?"

నన్ను. కన్నకూతుర్ని. ఎగతాళికి కాదు, కోపంగానూ కాదు. అలసిపోయి, మిగతా మాటలన్నీ ఎక్కడో పెట్టి మర్చిపోయినదానిలా అడిగింది.

నవంబరు 23, శనివారం

ఇవాళ ఒక ముసలావిడ చాట్‌కి వచ్చింది. త్రియెస్తే అనే ఊరు, పేరు ఓర్నెల్లా. సముద్రం కనిపించే గది కావాలి, మెట్లు ఉండకూడదు. నేను సిన్యోరా, లేయి అంటూ రూలు ప్రకారం రాసుకుపోతున్నాను. మధ్యలో ఆవిడ ఇలా రాసింది: "తల్లీ, నన్ను తు అనవూ?"

క్షమించాలి, మా కంపెనీ నియమం అది అని రాశాను.

ఆవిడ మళ్లీ రాసింది: "నన్ను తు అనేవాళ్లందరూ ఒక్కొక్కరే పోయారు. ఆఖరిది మా చెల్లెలు, మార్చిలో పోయింది. ఇప్పుడు డాక్టరు, బ్యాంకువాళ్లు, పై వాటాలో కుర్రవాళ్లు, అందరూ నన్ను లేయి అంటారు. మర్యాదకేం లోటు లేదు. కానీ ఎవరూ నన్ను పిలుస్తున్నట్టే ఉండదు."

నేను తు అని రాశాను. ఓర్నెల్లా, నీకు మెట్లు లేని గది దొరికింది అని రాశాను. పైవాళ్లు చూస్తే చూడనీ.

తర్వాత లాప్‌టాప్ మూసేసి ఏడ్చాను. అమ్మని ఒలే, నువ్వు అనే పెద్దవాళ్లలో అమ్మమ్మ పోయింది, నాన్న పోయాడు. మిగిలింది జగ్గమ్మత్త. ఆ ఒక్క పిలుపునీ నేను రైలెక్కి మరీ వెళ్లి తెంపి వచ్చాను. మోకాలు నొప్పి అట! నాకు తెలుసు ఎందుకు వెళ్లానో. అత్త ఆపుతుందని వెళ్లాను. ఆపింది.

నవంబరు 26, మంగళవారం

స్టేషనుకి వెళ్లాను. ఆయన గూడ్సుకి పచ్చజెండా చూపిస్తున్నాడు. తెల్లబట్టల్లో కాస్త చిక్కినట్టు కనిపించాడు. నన్ను చూసి, "రండి అరుణశ్రీ గారూ" అని కుర్చీ తుడిచి వేశాడు.

నేను డొంకతిరుగుడు లేకుండా అడిగేశాను, మా అమ్మని నువ్వు అనడానికి మీకేమైంది అని.

ఆయన టేబులు మీద జెండా చుడుతూ చెప్పాడు. "మా ఆవిణ్ణి ఒసేయ్ అనే పిలిచేవాణ్ణండి. పేరు దుర్గాభవాని. ఆ పేరు నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదండి. ఆస్పత్రిలో ఒక నర్సమ్మ వచ్చి, 'దుర్గాభవాని గారూ, ఎలా ఉన్నారండీ' అంది. మా ఆవిడ మొహం ఎలా విప్పారిందో చెప్పలేనండి. ఓ గారు కోసం! అది నేను ఇవ్వలేకపోయానా అనిపించింది. మొదలెడదాం అనుకునేలోపు ఆవిడ లేదండి."

జెండా చుట్టడం అయిపోయినా ఇంకా చుడుతూనే ఉన్నాడు.

"లక్ష్మణమ్మ గారూ అన్నప్పుడల్లా నాకు ఎంతో ఇష్టంగా ఉంటదండి. ఆవిడకి కష్టంగా ఉందని తెలీదు."

అప్పుడు నేను నౌపడ వెళ్లింది ఎందుకో చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను. కనీసం మొహం తిప్పుకుంటాడనుకున్నాను. "జగ్గమ్మ గారు అడిగింది మాత్రం న్యాయమేనండి," అన్నాడు. "నేనొచ్చి ఆవిడ మరదల్ని పట్టుకుపోతే ఆవిడకేం మిగులుతుంది? ఆదివారం నాకు సెలవు. ఆ ఊరు చూపిస్తారా?"

నవంబరు 27, బుధవారం

అమ్మకి ఆ గారు కథంతా చెప్పాను. కత్తెర పక్కన పెట్టి వింది.

"ఆ మాట నాతో అనొచ్చు కదేటి! నానేటో అనుకున్నాను," అంది. కళ్లు తుడుచుకుంది. "అలాగైతే గారు అననీ. నాను మాత్రం అండీ గిండీ అననేను, ముందే సెప్పేయ్." తర్వాత మళ్లీ మొహం మాడ్చుకుంది. "సెప్పి ఏటి లాభం. వదిన వొద్దన్నాక నాకు ఇంకేటొద్దు."

నౌపడ వెళ్తున్నామని చెప్పలేదు. ఈసారి చెప్పకపోవడానికి సరైన కారణమే ఉంది. అత్త గుమ్మంలోంచే పొమ్మంటే అమ్మకి తెలియక్కర్లేదు.

డిసెంబరు 1, ఆదివారం

అంతా వరసగా రాస్తాను. ఏదీ వదిలెయ్యాలని లేదు.

రైల్లో మా ఎదురుగా ఇద్దరు ఒడియా ఆడవాళ్లు సీటు కోసం దెబ్బలాడుకున్నారు. ఆయన నా వైపు వంగి, "విన్నారాండి? ఇందాక ఆపణ అనుకున్నారు, అంటే మీరు. తర్వాత తుమే. ఇప్పుడు తు లోకి దిగిపోయారు" అన్నాడు. ఇటలీలో కూడా తు అనే అంటారని చెప్పాను. ఆయనకి ఎంత సంతోషమో! ఇటలీలో స్టేషను మాస్టర్ని ఏమంటారని అడిగాడు. కాపొస్తత్సియోనే అన్నాను. శ్రీకాకుళం రోడ్డు దాటేదాకా దాన్ని పలకడం నేర్చుకున్నాడు. రైలు దిగేసరికి మాత్రం అది మానేసి చొక్కా గుండీలు సరిచూసుకోవడం మొదలెట్టాడు.

అత్త వాకిట్లో చేటలో చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసింది. ఆయన దండం పెట్టాడు. అత్త ఆయన్ని చూడనట్టే నాతో మాట్లాడింది.

"ఎవరే ఆ మనిసి? దారి తప్పి ఒచ్చినాడేటి?"

"స్టేషను మాస్టారు, అత్తా."

"స్టేసన్ అటేపున్నాదని సెప్పు."

ఆయన కదల్లేదు. చేతులు కట్టుకుని, ఎండలో నిలబడి చెప్పాడు. "జగ్గమ్మ గారూ, పెళ్లికి ఒప్పుకోమని అడగడానికి రాలేదండి. ఆ పెళ్లి లేదండి. లక్ష్మణమ్మ గారు వద్దన్నారు. మా వదిన నన్ను వద్దనుకుంటే నాకీ మనువొద్దు అన్నారండి. నన్ను వదులుకున్నారు గానీ మిమ్మల్ని వదులుకోలేదు. ఆ సంగతి మీకు తెలియాలి కదా అని వచ్చానండి. మీరు ఆవిణ్ణి ఎప్పట్లాగే పిలవండి. ఆవిడ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదండి."

అత్త చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

"మనువు మానుకున్నాదా? నాకోసం?" అని నన్నడిగింది.

"అవునత్తా. నన్ను కూడా మీరు అంటోంది."

"నిన్నా? ఓలమ్మ! ఎర్రి మొకంది! నాను కోపంలో ఏటో అన్నాను. అన్నంత మాత్రాన మానుకుంతాదేటే?"

చేట పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. నేను మాట్లాడబోతే చెయ్యి చూపించి ఆపింది. తర్వాత తనలో తనే లెక్క చూసుకుంటున్నట్టు మొదలెట్టింది.

"లచ్చి నా మరదలు. ఆ వరస నాను వొదలను, అదీ వొదలదు. మరి దాని మొగుడు నాకేటవుతాడు?" అంతవరకూ నాతో అని, అప్పుడు మొదటిసారి తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "మరదలి మొగుడు తమ్ముడు కాపోతే ఇంకేటవుతాడు? మా గంగరాజు పోయిన కాడ్నుంచి నన్ను అక్కా అనీవోడు నేడు. ఎండలో నిల్సున్నావేటిరా? ఇటొచ్చి కూకో."

ఆయన కూర్చోలేదు. కూర్చోలేకపోయాడు. స్తంభం పట్టుకున్నాడు.

"నన్నెవరూ తమ్ముడని అనలేదండి. ఒక్కణ్ణే కొడుకుని. నన్ను రా అని పిలిచేవాళ్లు కూడా ఎవరూ లేరండి ఇప్పుడు," అన్నాడు.

"అండీ ఏటిరా అక్కతోటి? కూకోరా నరసింగా."

కూర్చున్నాడు. అరుగు మీద, అత్త పక్కన. ఇద్దరూ కళ్లు తుడుచుకుంటుంటే నేను లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చాను. నా కళ్లు కూడా లోపలే తుడుచుకున్నాను. నాన్న పేరు విన్నప్పుడు గుండెలో కలుక్కుమంటుందనుకున్నాను. అలా కాలేదు. ఎవరూ ఎవర్నీ లేపి ఆ చోట్లో కూర్చోలేదు. పక్కన కాస్త సర్దుకుని చోటిచ్చారు, అంతే.

తర్వాత ఫోన్లో అత్తా అమ్మా తిట్టుకున్నది రాస్తే ఈ పుస్తకం చాలదు. ఒలే అంటే ఒలే అనుకున్నారు. మధ్యలో ఇద్దరూ ఏడ్చారు. ముహూర్తం కూడా అందులోనే పెట్టేసుకున్నారు. ఆయన్నెవరూ అడగలేదు. అన్నం పెట్టేటప్పుడు అత్త, "గుంటా, మీ సిన్నాన్నకి ఎండుసేప వెయ్" అంది. నేను వేశాను. ఆ మాట నాకు వినపడనట్టు వేశాను.

విజయనగరంలో బండి మారాలి. రాయగడ వెళ్లే పాసింజరులో నాకు సీటు చూపించి, ఆయన టీకి దిగాడు. దూరంగా ఎవరో రైల్వే స్నేహితుడు కనపడ్డాడు, కబుర్లలో పడ్డాడు. పేపరు గ్లాసుల్లో టీలు రెండు చేతుల్లో. బండి కూత వేసింది. ఆయనకి ఇంతమందికి జెండా ఊపి అలవాటు గానీ, ఆయన కోసం బండి ఆగుతుందా?

తలుపు దగ్గరికి పరిగెత్తాను. మాస్టారూ అని అరవబోయాను. ఆ ప్లాట్‌ఫారం మీద సగం మంది మాస్టార్లే.

"చిన్నాన్నా!" అని అరిచాను.

ఆయన తిరగలేదు. ఎవరి పిల్లో ఎవర్నో పిలుస్తోందనుకున్నాడు కాబోలు.

"చిన్నాన్నా!"

ఈసారి స్నేహితుడు తిరిగి చూసి ఆయన్ని తట్టాడు. ఆయన నన్ను చూశాడు. వెనక్కి తిరిగి, వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమో అని కూడా చూశాడు. తర్వాత టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి గుండెల దగ్గర పెట్టుకుని, అంత గోలలోనూ మర్యాదగా అడిగాడు.

"నన్నేనాండీ?"

"నిన్నే! టీ పారేసి ఎక్కు!"